ఇద్దరు పసిపిల్లలున్న ఇంట్లో పెద్దబిడ్డను పెంచడం

రాయలసీమ ఇళ్లలో ఇద్దరు పిల్లలు కొట్లాడుకున్నప్పుడు ఎక్కువగా వినిపించే తీర్పు ఒక్కటే: "పెద్దదానివి గదమ్మా, వాడికిచ్చెయ్." ఆ తీర్పు చెప్పేది జేజి (నాయనమ్మ) కావచ్చు, అబ్బ (తాత) కావచ్చు, పొయ్యి మీద ఎసరు పెట్టి చేతులు ఖాళీ లేని తల్లి కావచ్చు. ఆ మాటతో అప్పటికి ఏడుపు ఆగుతుంది కాబట్టి అది పనిచేసినట్టే కనిపిస్తుంది. అయితే నాలుగు నెలలు అదే తీర్పు నడిచిన ఇంట్లో పెద్దపిల్ల తన వస్తువులను దిండు కింద దాచుకోవడం మొదలుపెడుతుంది, చిన్నవాడు ఏది కావాలన్నా ముందు ఏడ్చి తరువాత అడుగుతాడు. అనంతపురంలో ఐదేళ్ల కూతురితో, రెండేళ్ల కొడుకుతో సంసారం చేస్తున్న తల్లిగా నేను చెప్పదలచుకున్న పద్ధతి అంతా ఈ ఒక్క మాటను ఇంట్లోంచి తీసేయడం చుట్టూనే తిరుగుతుంది. చిన్నబిడ్డను ఎలా పెంచాలో చెప్పేవాళ్లు మనకు కొదవలేదు. చిన్నబిడ్డ పుట్టిన నాటి నుంచి హఠాత్తుగా పెద్దదైపోయిన బిడ్డను ఎలా పెంచాలో చెప్పేవాళ్లే తక్కువ.

ముందుగా ఏ వయసు నుంచి ఏమి ఆశించవచ్చో తెలుసుకోవాలి. రెండేళ్ల పిల్లవాడికి "నాది" అన్న మాట కొత్తగా వచ్చి ఉంటుంది, దాన్ని ప్రతి వస్తువు మీదా ప్రయోగించి చూస్తాడు. పంచుకోవడం వాడికి ఇంకా అందని విద్య. వంతు కోసం ఆగడం మూడేళ్లు దాటాక కొద్దికొద్దిగా అలవడుతుంది. ఐదేళ్ల పిల్ల కొన్ని నిమిషాలు ఆగగలదు, కానీ ఆకలి మీదో నిద్ర మీదో ఉన్నప్పుడు ఆమె కూడా రెండేళ్ల పిల్లే. కాబట్టి చిన్నవాడు లాక్కున్నాడంటే అది దుర్మార్గం కాదు, పెద్దపిల్ల ఇవ్వనన్నదంటే అది స్వార్థం కాదు. ఒక కాన్పుకూ తరువాతి గర్భానికీ మధ్య కనీసం 24 నెలల ఎడం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ప్రధానంగా తల్లీబిడ్డల ఆరోగ్యం కోసమే అయినా, రెండోబిడ్డ పుట్టేసరికి పెద్దబిడ్డ దాదాపు మూడేళ్లకు చేరుకుని, మాటలతో చెబితే అర్థం చేసుకునే స్థితికి రావడం దానివల్ల కలిగే మరో మేలు.

పుట్టింటి పురుడు

రెండో కాన్పుకు కూడా పుట్టింటికి వెళ్లే ఆనవాయితీ మన జిల్లాల్లో చాలా ఇళ్లలో ఉంది. తల్లి మూడో నెల వరకో ఐదో నెల వరకో అక్కడే ఉండిపోతే, బడికి వెళ్లే పెద్దబిడ్డను తండ్రి దగ్గర, జేజి దగ్గర వదిలిపెట్టవలసి వస్తుంది. వీలైతే ఆ బిడ్డను వెంట తీసుకుపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఒకటో తరగతిలోపు పిల్లకు రెండు నెలల బడి పోవడం కన్నా, అంతకాలం తల్లి కనిపించకుండా పోవడమే పెద్ద నష్టం. వీలుకాకపోతే ఆమెకు అబద్ధం మాత్రం చెప్పకూడదు. "అమ్మ రేపొస్తుంది" అని రోజూ చెప్పి నిద్రపుచ్చడం కన్నా, గోడ మీది క్యాలెండరులో వచ్చే తేదీ చుట్టూ గీత గీసి రోజుకొక గడి కొట్టేయించడం మేలు. ప్రతి సాయంత్రం ఒకే వేళకు ఫోనులో మాట్లాడాలి, ఆ మాటల్లో తమ్ముడి సంగతులు తక్కువగా, ఆమె సంగతులు ఎక్కువగా ఉండాలి.

బిడ్డతో తిరిగి ఇంట్లో అడుగుపెట్టే రోజున చంటిబిడ్డ తల్లి చేతుల్లో కాకుండా మరొకరి చేతుల్లో ఉండేటట్టు చూసుకోవాలి. గుమ్మం దగ్గర హారతి పళ్లెంతో నిలబడ్డవాళ్లకు ఇది కొంచెం వింతగా తోస్తుంది, కానీ అన్ని రోజులు ఎదురుచూసిన పిల్ల పరుగెత్తుకు వచ్చినప్పుడు ఆమెను ఎత్తుకోవడానికి తల్లి చేతులు ఖాళీగా ఉండాలి. ఉయ్యాలలో వేసే వేడుకకు వచ్చే చుట్టాలు చిన్నబిడ్డకే బట్టలు, వెండి గజ్జెలు తెస్తారు. దగ్గరివాళ్లకు ముందే ఒక మాట చెబితే పెద్దపిల్లకు కూడా గాజులో, రంగు పెన్సిళ్లో పట్టుకొస్తారు. ఆ రోజు ఉయ్యాల ఊపమని ఆమెను పిలవవచ్చు, ఊపనంటే ఊరుకోవాలి.

ఈ నెలల్లో పెద్దబిడ్డ మళ్లీ పాలసీసా అడగడం, ఎప్పుడో మానేసిన పక్క తడపడం తిరిగి మొదలుపెట్టడం, అన్నం కలిపి నోట్లో పెట్టమనడం మామూలే. "సిగ్గు లేదా, ఇంత పెద్దదానివై" అనే మాట ఇక్కడే పుడుతుంది. అనకుండా పక్కబట్ట మార్చి, అడిగితే నాలుగు ముద్దలు నోట్లో పెడితే చాలు, చాలామంది పిల్లలు కొన్ని వారాల్లో తమంతట తామే మానుకుంటారు.

కొట్లాట వచ్చినప్పుడు

సంగటి దగ్గర మా ఇంట్లో జరిగేది చెబుతాను. వేడి సంగటిని తడిచేత్తో ముద్ద చేసి, నడుమ బొటనవేలితో గుంత చేసి, అందులో నెయ్యి వేసి, పక్కన పుల్లగూర వడ్డించి ఇద్దరి ముందూ పళ్లేలు పెట్టీపెట్టగానే చిన్నవాడి చెయ్యి అక్క పళ్లెంలోకి పోతుంది. వాడి గుంతలో నెయ్యి లేక కాదు, అక్క గుంతలోని నెయ్యి ఇంకా బాగుంటుందని వాడి నమ్మకం. "మా, వీన్ని చూడు మా!" అని ఆమె కేక. అప్పుడు "ఇద్దరికీ సమానంగానే వేసినాను" అని లెక్క చెప్పడం మొదలుపెడితే ఆ లెక్కకు అంతుండదు. మరుసటి రోజు నుంచి పెద్దపిల్ల ముద్దల సైజు కొలుస్తుంది, నెయ్యి చుక్కలు లెక్కపెడుతుంది. సమానంగా పంచుతామని పిల్లలకు మాట ఇవ్వకపోవడమే తెలివైన పని. ఎవరికి ఎంత కావాలో అంత దొరుకుతుందని చెప్పి, "నీకింకా కావల్నా?" అని అడిగితే ఆ పిల్ల చూపు తమ్ముడి పళ్లెం మీది నుంచి తన పళ్లెం మీదికి వస్తుంది. దానికి తోడు పళ్లేల మధ్య పెద్దవాళ్లలో ఒకరు కూర్చోవాలి. పగలు చిన్నవాడికి ముందు, రాత్రి పెద్దపిల్లకు ముందు వడ్డించే క్రమం ఒకటి పెట్టుకుని దాన్ని తప్పకూడదు. ఒకే రకం బొమ్మలు రెండు కొనడం కూడా ఈ సమానత్వపు లెక్కలో భాగమే, దానివల్ల డబ్బు ఖర్చు కావడమే తప్ప గొడవ తగ్గదు, ఎందుకంటే కావలసింది బొమ్మ కాదు, అవతలివాళ్ల చేతిలో ఉన్న బొమ్మ.

పెద్దపిల్లకు పూర్తిగా తనదైన చోటు ఒకటి ఉండాలి. పాత ట్రంకు పెట్టె కావచ్చు, చిన్నవాడికి అందని గూడు కావచ్చు, అందులో పెట్టిన పూసలు, పుస్తకాలు, రంగులు ఆమె అనుమతి లేకుండా ఎవరూ ముట్టకూడదు. చుట్టాల పిల్లలు వచ్చినప్పుడు జేజి కూడా తీసి ఇవ్వకూడదు. బంతి, మూడు చక్రాల బండి, కట్టెబొమ్మలు ఇద్దరివీ. ఆ గీత స్పష్టంగా ఉన్న ఇంట్లో పెద్దపిల్ల తన దగ్గరున్నవి ఇవ్వడానికి త్వరగా ఒప్పుకుంటుంది, ఎందుకంటే తనవి ఎవరూ లాక్కోరని ఆమెకు ధైర్యం ఉంటుంది.

గొడవ మొదలైందని కేక వినపడగానే పరుగెత్తనక్కర లేదు. దెబ్బలు పడేటట్టు లేకపోతే కాసేపు చెవి మాత్రం అటు వేసి చేస్తున్న పని చేసుకోవచ్చు. చాలా గొడవలు వాటంతటవే చల్లారతాయి. కొట్టడం, కొరకడం దాకా వస్తే మాత్రం మధ్యకు వెళ్లి చెయ్యి పట్టుకుని ఆపి, దెబ్బ తగిలిన బిడ్డను ముందుగా దగ్గరకు తీసుకోవాలి. కొట్టిన బిడ్డతో "కొడితే నొప్పి పుడుతుంది, కొట్టకూడదు" అన్న ముక్క తప్ప ఉపన్యాసం వద్దు. ముఖ్యంగా "ఎవరు మొదలుపెట్టినారు?" అని విచారణ చేయకూడదు. ఆ ప్రశ్నకు మాటలు వచ్చిన పిల్ల మాత్రమే జవాబు చెప్పగలదు, మాటలు రాని పిల్లవాడు ఏడుపుతో జవాబు చెబుతాడు, మనం చివరికి ఏడుపు వైపే మొగ్గుతాము. కళ్లకు కనిపించింది మాత్రం చెప్పాలి: "బండి ఒకటే ఉంది, ఇద్దరికీ కావాలంటున్నారు. ఏం చేద్దాము?" ఐదేళ్ల పిల్లలు ఈ ప్రశ్నకు ఆశ్చర్యపడేటంత మంచి ఉపాయాలు చెబుతారు. గుంజుకోవడానికి బదులు మార్పిడి చేయడం ఆమెకు నేర్పితే ఇంకా మంచిది. తమ్ముడి చేతిలో తన పెన్సిల్ ఉంటే గరిటె ఒకటి చూపించి మార్చుకోవచ్చని ఆమెకు ఒకసారి తెలిస్తే మన సాయం సగం తగ్గుతుంది. వంతులకు గడియారం పనికిరాదు, చిన్నవాడికి నిమిషం అంటే ఏమిటో తెలియదు. "వసారా చివరిదాకా రెండు చుట్లు, తరువాత తమ్ముడు" అని కంటికి కనిపించే కొలత పెట్టాలి. బలవంతాన "సారీ" చెప్పించడం వల్ల నాకు ఏ ప్రయోజనమూ కనిపించలేదు.

ఇక ఇంట్లోని పెద్దల సంగతి. ఏడుపు వింటే జేజి ప్రాణం నిలవదు, అందుకే ఆమె నోట "వాడికిచ్చెయ్" అన్న మాట అంత త్వరగా వస్తుంది. ఆ మాట అనవద్దని పిల్లల ముందు చెబితే అది అత్తాకోడళ్ల తగాదాగా మారుతుంది. పిల్లలు పడుకున్నాక, "అత్తా, వాళ్లు కొట్లాడితే మీరు చిన్నోన్ని ఎత్తుకొని అరుగు మీదికి పోండి, పెద్దదాన్ని నేను చూసుకుంటా" అని ఆమెకు ఒక పని అప్పగిస్తే సరిపోతుంది. చేతికి పని ఉంటే తీర్పు చెప్పే అవసరం ఉండదు.

పెద్దబిడ్డ ఆడపిల్ల, చిన్నబిడ్డ మగపిల్లవాడు అయినచోట ఇంకొక జాగ్రత్త కావాలి. తమ్ముడికి నీళ్లు తెచ్చివ్వు, తమ్ముడి చొక్కా మడతపెట్టు, తమ్ముడు తాగిన గ్లాసు తీసెయ్ అంటూ ఐదేళ్లకే మొదలయ్యే ఈ చిన్న చిన్న పనులు, ఆ పిల్ల పెరిగేకొద్దీ పెరుగుతూ పోతాయే తప్ప తగ్గవు. పిల్లలకు పనులు చెప్పడం తప్పు కాదు, చెప్పాలి కూడా. కానీ రెండేళ్లవాడు కూడా తన గ్లాసు తొట్టి దగ్గర పెట్టగలడు, విప్పిన చెడ్డీని బుట్టలో వేయగలడు. ఎవరి ఎంగిలి గ్లాసు వాళ్లే తీయాలి అన్న నియమం ఒక్కటి పెడితే, ఇంట్లోని పెద్ద మగవాళ్లకు కూడా అది వర్తిస్తుంది కాబట్టి, అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడేది ఎవరో మొదటి వారంలోనే తెలిసిపోతుంది.

కాపలా పెద్దవాళ్ల పనే

పెద్దబిడ్డకు అప్పగించకూడని పనుల్లో మొదటిది తమ్ముణ్ని చూసుకోవడం. "వాన్ని చూస్తూ ఉండమ్మా, నేను ఇప్పుడే వస్తా" అని చెప్పి దుకాణానికి వెళ్లడం మనకు చాలా సహజంగా తోస్తుంది. ఐదేళ్ల పిల్ల చూస్తూనే ఉంటుంది, కానీ ప్రమాదాన్ని గుర్తించలేదు, గుర్తించినా ఆపే బలం ఉండదు. జరగరానిది జరిగితే ఆ భారం ఆమె మీద జీవితాంతం ఉంటుంది.

కుళాయి నీళ్లు రోజూ రాని వీధుల్లో ప్రతి ఇంట్లోనూ సంపు, డ్రమ్ములు, తొట్లు, బకెట్లు నిండుగా ఉంటాయి. పసిబిడ్డ మునగడానికి లోతు నీళ్లు అక్కరలేదు. బకెట్ అడుగున జానెడు నీళ్లున్నా తలకిందులుగా పడిన బిడ్డ తనంతట తాను లేవలేడు, మునిగేటప్పుడు చప్పుడు కూడా ఉండదు. సంపు మూతకు గొళ్లెం వేసి ఉంచాలి, స్నానం అయిన వెంటనే బకెట్ బోర్లించాలి, స్నానాల గది తలుపుకు చిన్నవాడికి అందని ఎత్తులో గడియ పెట్టించాలి. ఎండాకాలంలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు చాలా ఇళ్లలో రాత్రిపూట మిద్దె మీద పడకలు వేస్తారు. పిట్టగోడ లేని పాత మిద్దెల మీద పిల్లలతో పడుకోకపోవడమే మంచిది. గోడ ఉన్నా పిల్లల పక్కలు నడుమ వేసి, ఇద్దరికీ ఇరువైపులా పెద్దవాళ్లు పడుకుని, మెట్ల తలుపు వేసుకోవాలి.

వేరుశనగ పండే జిల్లాలో తప్పకుండా చెప్పవలసిన మాట బుడ్డల గురించి. ఎండబెట్టిన కాయలు వసారాలో రాశిగా ఉంటాయి, వేయించినవి గిన్నెలో అందుబాటులో ఉంటాయి, పెద్దపిల్ల ప్రేమతో ఒలిచి తమ్ముడి నోట్లో పెడుతుంది. నాలుగైదేళ్లలోపు పిల్లలకు గింజను నమిలి మెత్తగా చేసే దంతాలు, అలవాటు పూర్తిగా ఉండవు. నవ్వుతూనో పరుగెత్తుతూనో ఉండగా గింజ శ్వాసనాళంలోకి జారిపోతుంది. కాబట్టి ఆ వయసు దాకా గింజలు గింజలుగా ఇవ్వకుండా పొడిగానో, మెత్తగా రుబ్బిన ఊరిబిండిగానో మాత్రమే పెట్టాలి. పెద్దపిల్లకు "తమ్ముడికి పెట్టొద్దు" అని చెప్పడం అవసరమే, కానీ దాని మీదే ఆధారపడకుండా గిన్నెను గూట్లో పెట్టాలి.

ఒకవేళ గొంతులో అడ్డుపడితే, బిడ్డ గట్టిగా దగ్గగలుగుతున్నంతసేపు దగ్గనివ్వాలి. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి వెతికితే అది ఇంకా లోపలికి పోతుంది. దగ్గు, గొంతు రెండూ ఆగిపోయి ఊపిరి అందకపోతే వెంటనే 108కు ఫోను చేయమని ఒకరికి చెప్పి, ఏడాది దాటిన బిడ్డను ముందుకు వంచి రెండు భుజపుటెముకల మధ్య అరచేతి మడమతో అయిదుసార్లు గట్టిగా కొట్టాలి. రాకపోతే వెనుక నుంచి చేతులు చుట్టి, బొడ్డుకు పైన, రొమ్ము ఎముక కొనకు కింద పిడికిలి ఆనించి లోపలికీ పైకీ అయిదుసార్లు నొక్కాలి. అడ్డు తొలగేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. ఏడాది లోపు శిశువుకు పొట్ట నొక్కకూడదు. ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పడుకోబెట్టి వీపు మీద అయిదుసార్లు తట్టి, వెల్లకిలా తిప్పి రొమ్ము నడుమ రెండు వేళ్లతో అయిదుసార్లు నొక్కాలి. స్పృహ తప్పితే గుండె నొక్కి ఊపిరి అందించే ప్రథమ చికిత్స మొదలుపెట్టాలి.

కొన్నిసార్లు ఉక్కిరిబిక్కిరి క్షణాల్లో తగ్గిపోతుంది కానీ గింజ ఊపిరితిత్తిలో ఉండిపోతుంది. తరువాతి రోజుల్లో తగ్గని దగ్గు, పిల్లికూతలు, జ్వరం కనిపిస్తాయి. అప్పుడు వైద్యుడికి అన్నిటికన్నా పనికొచ్చే సమాచారం "ఫలానా రోజు బుడ్డలు తింటూ పొరబోయింది" అన్న ముక్క. దాన్ని చెప్పగలిగింది తరచుగా పెద్దపిల్ల ఒక్కతే. జరిగిన తప్పుకల్లా ఆమెనే తిట్టే ఇంట్లో ఆ పిల్ల నోరు విప్పదు.

జబ్బులు, నిద్ర, ఫోను

ఒకరికి వచ్చిన జబ్బు రెండోవాళ్లకు రావడం సహజం కాబట్టి దీని మీద ఎక్కువ దిగులు పడనక్కర లేదు. అమ్మవారు పోస్తే, అంటే ఆటలమ్మ అయితే, పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది. ఒకరికి వచ్చిన 10 నుంచి 21 రోజుల లోపల రెండోవాళ్లకు రావచ్చని సిద్ధంగా ఉండాలి. వేపమండలు కట్టుకోవడానికి అభ్యంతరం లేదు, కానీ జ్వరానికి ఆస్పిరిన్ ఇవ్వకూడదు, ఇంట్లో గర్భిణి గానీ నెలల బిడ్డ గానీ ఉంటే అదే రోజు వైద్యుణ్ని కలవాలి. విరేచనాలకు ఓఆర్ఎస్ పొట్లాన్ని దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, వైద్యుడు రాసిచ్చిన జింకు మాత్రలు విరేచనాలు ఆగినా 14 రోజులూ వేయాలి. టీకాల విషయంలో మరపు పడేది పెద్దబిడ్డకే: 16 నుంచి 24 నెలల మధ్య వేయవలసిన బూస్టర్ కోసం చిన్నవాణ్ని ఎత్తుకుని వెళతాము, 5 నుంచి 6 ఏళ్ల మధ్య వేయించవలసిన డీపీటీ బూస్టర్ పెద్దపిల్లకు ఉందని గుర్తుండదు. తల్లీబిడ్డల కార్డులు రెండూ ఒకే సంచిలో పెట్టి ఒకేసారి తీసుకుపోతే ఏఎన్ఎం రెండూ చూస్తుంది.

పగలంతా చిన్నవాడికి పోయిన తల్లి పొద్దు, రాత్రి పడుకునే ముందు పావుగంటైనా పెద్దపిల్లకు విడిగా దక్కాలి. చిన్నవాణ్ని తండ్రి ఎత్తుకుని వీధిలో తిప్పితే అది కుదురుతుంది. వారానికి ఒకసారి తండ్రి ఆమెను ఒక్కదాన్నే బండి మీద టవర్ క్లాక్ దాకా తీసుకుపోయి కూరగాయలు కొనుక్కొచ్చినా చాలు. ఆ ప్రయాణంలో చెప్పే కబుర్లు ఇంట్లో ఎన్నడూ చెప్పదు. ఫోను మాత్రం ఇద్దరికీ ఒకే కొలత కాదు. రెండేళ్ల లోపు అసలే వద్దని, రెండు నుంచి ఐదేళ్ల మధ్య రోజుకు గంటకు మించవద్దని పిల్లల వైద్యులు చెబుతారు; పెద్దపిల్ల చూసే సమయాన్ని చిన్నవాడు నిద్రపోయే వేళకు పెట్టుకుంటే తగాదా ఉండదు.

ఇవన్నీ చేసినా పెద్దబిడ్డ నెలల తరబడి ఎవరితోనూ మాట్లాడకపోవడం, తిండి మానేయడం, తమ్ముణ్ని కావాలని పదేపదే గాయపరచడం కనిపిస్తే, లేదా చిన్నబిడ్డకు రెండేళ్లు నిండినా రెండు పదాలు కలిపి మాట్లాడడం రాకపోతే, "పిల్లలన్నాక అంతే" అని ఊరుకోకూడదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో, ప్రభుత్వ బడులలో పిల్లలకు పరీక్షలు చేసి, అవసరమైనవాళ్లను జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. అంగన్‌వాడీ టీచరుకు గానీ ఆశా కార్యకర్తకు గానీ చెబితే ఎక్కడికి, ఏ రోజు వెళ్లాలో చెబుతారు. వెళ్లేటప్పుడు రెండోబిడ్డను ఇంట్లో వదిలి, ఏ బిడ్డ కోసం వెళుతున్నామో ఆ బిడ్డను మాత్రమే తీసుకుపోవాలి. వైద్యుడి ముందు ఆ అరగంటలో తల్లి ధ్యాస రెండుగా చీలకూడదు.